బోరివలి కొండల్లో ఎవరికి ఏ దారి

పోయిన అక్టోబరులో మా చాళ్ నుంచి పదకొండు మందిమి బోరివలి నేషనల్ పార్కుకు పోయి వచ్చినం. అప్పటి సంది నాకా మీద, పాల బూతు కాడ, పెండ్లిళ్ళలో ఎక్కడ కలిసినా అందరూ అదే అడుగుతున్నరు. "కన్హేరి దాకా బస్సు పోతదా? మోకాళ్ళ నొప్పులున్నోళ్ళు ఎక్కొచ్చునా? పులి ఉన్నదంటరు, నిజమేనా?" ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొచ్చింది. పత్రిక నడిపే తమ్ముడు "పెద్దయ్యా, అదంతా రాసియ్యరాదే" అన్నడు. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకనే చదివిన. నా రాత తప్పులు వాళ్ళే దిద్దుకుంటరు. ఆ కొండల్లో తిరుగుడు మాత్రం నాకు ఎవ్వరూ నేర్పే పని లేదు. రిటైరైన కాడి నుంచి ఏడాదికి నాలుగైదు సార్లు పోతున్న.

సంజయ్ గాంధీ రాష్ట్రీయ ఉద్యానం అని బోర్డు మీద ఉంటది. మనోళ్ళు మాత్రం బోరివలి పార్కు అంటరు. సుమారు 104 చదరపు కిలోమీటర్ల అడవి. ఒక దిక్కు బోరివలి, మలాడ్, ఇంకో దిక్కు ములుండ్, భాండుప్, పైన ఠాణే. ఇంత జనం నడుమ ఇంత పెద్ద అడవి మిగిలిందంటే నమ్మబుద్ధి కాదు. బోరివలి స్టేషన్ తూర్పు దిక్కు దిగి నడిస్తే పావు గంటలో హైవే మీద పెద్ద గేటు వస్తది. సోమవారం పార్కు బంద్. ఈ సోమవారం ముచ్చట మళ్ళా వస్తది, యాది పెట్టుకోండి.

చాలా మంది చేసేదేమిటంటే, ఎవరో ఫోన్‌లో ఫోటో పంపుతరు, కొండ కొన మీద నిలబడి చేతులు చాచిన ఫోటో. అది చూసి ముసలి, ముతక, పిల్లలు అందరూ అక్కడికే అని బయలుదేరుతరు. అక్కడికి పోయినంక సగం మంది కిందనే కూలబడతరు. నేను చెప్పేది ఏమంటే కొండను చూసి మనిషిని ఎంచొద్దు, మనిషిని చూసి కొండను ఎంచుకోవాలె. మన ఒళ్ళు వేరే తీరుగ అరిగిన ఒళ్ళు. సాంచా ఖాతాలో ముప్పై ఏండ్లు నిలబడ్డోళ్ళకు పిక్కల్లో నరాలు ఉబ్బి ఉంటయి, చెవులు సగమే వినపడతయి. అసొంటోడు ఎత్తు ఎక్కగలడు, కానీ దిగుడప్పుడు మోకాలు మొరాయిస్తది. వెనుక నుంచి "జరుగు" అని పిలిస్తే వినపడదు. కార్డింగ్, బ్లోరూం ఖాతాలో చేసినోళ్ళకు కాళ్ళు మంచిగనే ఉంటయి, దమ్ము ఉండదు. వాళ్ళు చదునుగ ఎంత దూరమైనా నడుస్తరు, ఇరవై మెట్లు ఎక్కితే ఛాతీ పట్టుకుంటరు. ఇద్దరికీ ఒకటే దారి సరిపడదు.

ముందుగా తక్కువ కష్టం ఉన్నది చెప్తా. గేటు లోపలికి పోయి కొద్ది దూరం నడిస్తే గాంధీ టేకడీ వస్తది. చిన్న గుట్ట, పైన గాంధీ పేరు మీద కట్టిన మండపం. చుట్టూ తోట, కూర్చోను జాగ ఉన్నది. చెట్ల మీది నుంచి అడవి అంచు, అటు దిక్కు బోరివలి బిల్డింగులు కనపడతయి. మోకాళ్ళు ఆపరేషన్ అయినోళ్ళు, బాలింతలు, చంటి పిల్లల తల్లులు ఇక్కడికి పోతే చాలు. పొద్దున్నే ఏడున్నరకు, ఎనిమిదికి పోతే పిట్టల చప్పుడు వినొచ్చు. ఆదివారం పది దాటినంక మాత్రం పోవద్దు. దాదర్ మార్కెట్ లెక్క ఉంటది.

ఆ టేకడీ మంచిదే కానీ దాని వల్ల ఒక చెడ్డ అలవాటు పడ్డది. సంఘాల తరఫున ట్రిప్పు పోతే పెద్దోళ్ళందరినీ అక్కడ కూర్చోబెట్టి, మీద సంచులు పడేసి, "మీరు సామాను చూసుకుంటుండండి, మేము కన్హేరి పోయొస్తం" అని పోతరు. నేను అసొంటి ట్రిప్పులు మూడు చూసిన. మా వరుసకు బావ ఒకాయన ఉన్నడు. రక్త సంబంధం కాదు, ఒకే చాళ్‌లో ఒకే మాల మీద నలభై ఏండ్లు ఉంటే అయిన బావ. కార్డింగ్ ఖాతాలో 27 ఏండ్లు చేసిండు. ఆయనను రెండు సార్లు అట్లనే సంచుల కాడ కూర్చోబెట్టిండ్రు. రెండో సారి రైల్లో తిరిగొచ్చేటప్పుడు నా చెవి దగ్గర మెల్లగ అన్నడు: "నా ఊపిరంత గిర్నీకి ఇచ్చిన బామ్మర్దీ. ఇప్పుడు చెప్పుల కాడ కావలి ఉంటున్న."

ఆ మాట నా కడుపులో పడ్డది. పోయిన అక్టోబరు ట్రిప్పు అందుకే పెట్టిన. ఒక్కటే షరతు: సంచులు ఎవరివి వాళ్ళే మోయాలె, సామాను కాడ ఎవ్వరినీ కూర్చోబెట్టేది లేదు.

ఇప్పుడు కన్హేరి సంగతి. గేటు నుంచి గుహల దాకా డాంబరు రోడ్డు, ఆరేడు కిలోమీటర్లు. నడుస్తే చెట్ల నీడ ఉంటది, కానీ నడిచి పోయి, గుట్ట ఎక్కి, మళ్ళా నడిచి రావడమంటే పడుచోళ్ళ పని. పార్కు లోపలనే చిన్న బస్సులు తిరుగుతయి. మన వయసోళ్ళు బస్సు ఎక్కితే సిగ్గు పడేదేమీ లేదు. కాళ్ళలో ఉన్న బలం మెట్ల కోసం దాచుకోవాలె. గుహల కాడ వేరే టికెట్టు తీసుకోవాలె, అది పురాతత్వ శాఖ వాళ్ళది. చిల్లర దగ్గర పెట్టుకోండి.

కన్హేరి అంటే కృష్ణగిరి, నల్ల కొండ. నల్ల రాయిని తొలిచి వందకు పైగా గుహలు చేసిండ్రు బౌద్ధ బిక్షువులు. సుమారు వెయ్యేండ్ల పాటు ఆ పని నడిచింది, క్రీస్తుకు ముందు మొదలై పదో శతాబ్దం దాకా. ఒక్కొక్క గుహ ముందు రాతి అరుగు, పక్కకు నీళ్ళ తొట్టి. వాన నీళ్ళు కొండ మీది నుంచి చిన్న కాలువల వెంట తొట్టిలోకి దిగేటట్టు చెక్కిండ్రు. పది బై పది ఖోలీల్లో, పొద్దున నాలుగింటికి లేచి నల్లా కాడ డబ్బాల వరుస పెట్టినోళ్ళం మనం. ఆ తొట్లు చూస్తే మనకు తెలిసినంత వేరేటోళ్ళకు తెలవదు. ఇంటింటికీ నీళ్ళు!

మూడో నంబరు గుహ పెద్దది, చైత్యం అంటరు. లోపల 34 స్తంభాలు, ఆ కొసకు స్తూపం. వరండాలో రెండు దిక్కులా నిలబడ్డ బుద్ధుని విగ్రహాలు, ఒక్కొక్కటి దాదాపు 7 మీటర్లు. స్తంభాలను దగ్గరికి పోయి చూడండి. కొన్నింటికి కిందా మీదా మంచి చెక్కడం ఉన్నది, మిగతావి ఉత్త రాయి, ఎనిమిది పలకల మీద వదిలేసిండ్రు. "ఆడ గూడ హర్తాళ్ అయ్యిందేమో" అన్నడు బావ. 1982 జనవరి 18న మొదలైన మన హర్తాళ్‌లో సాంచా మీద సగం నేసిన బట్ట అట్లనే వదిలి బయటికి వచ్చినోళ్ళం, నవ్వకుంటే ఏం చేస్తం.

మనకు, ఆ కొండకు సంబంధం లేదనుకోవద్దు. కన్హేరి శాసనాల్లో శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేరున్నది. మా మనవరాలు బీఏలో చరిత్ర చదువుతుంది, ఆమె చూపించింది. అదే రాజు శాసనం అటు చినగంజాంలో కూడా దొరికిందట. మా కరీంనగర్ పక్కన కోటిలింగాలలో శాతవాహనుల నాణేలు దొరికినయి, అది నేను మా మేనమామ నోట విన్న. అంటే గోదావరి ఒడ్డు నుంచి ఈ సముద్రం ఒడ్డు దాకా మనుషులు వచ్చుడు పోవుడు మన తాతలతో మొదలైంది కాదు.

ఇంకొకటి చెప్పింది ఆమె. ఈ గుహలు, తొట్లు రాజులొక్కరే ఇచ్చినవి కావు. సోపారా, కల్యాణ్ నుంచి వ్యాపారులు, బంగారు పని చేసేటోళ్ళు దానాలు ఇచ్చిండ్రు, రాళ్ళ మీద పేర్లు రాయించుకున్నరు. అండ్ల ఒకటి కల్యాణ్ ఊరి కమ్మరి ఇచ్చిన బాట. శాసనంలో 'కమార' అనే ఉన్నదట, మన కమ్మరే! కొలిమి కాడ సంపాదించిన పైసలతోని ఎవరో ఎక్కేటోళ్ళ కోసం దారి చేయించిండు. నాసిక్ పాండవ్‌లేణీ గుహల్లో ఇంకా మన కులపు ముచ్చటే ఉన్నది. ఉషవదాతుడు అనే ఆయన 3000 కార్షాపణాలు అక్కడి సాలెల శ్రేణుల దగ్గర డిపాజిట్ పెట్టి, ఆ వడ్డీతోని బిక్షువులకు బట్టలకు పైసలు ఇయ్యాలె అని రాయించిండు. రెండు వేలు ఒక శ్రేణి దగ్గర నెలకు నూటికి ఒకటి వడ్డీకి, వెయ్యి ఇంకో శ్రేణి దగ్గర ముప్పావు వడ్డీకి. అప్పట్ల సాలోళ్ళ దగ్గర రాజు అల్లుడు పైసలు దాచుకున్నడు. ఇప్పుడు మన పింఛను వెయ్యి రూపాయలు. సరే, దారి తప్పుతున్న.

మెట్ల ముచ్చట చెప్తా. టికెట్ కిటికీ దాటినంక కొద్దిగ ఎత్తు, మూడో గుహ ముందుకు తొందరగనే చేరుతం. అక్కడి నుంచి లోయ వెంట పైకి రాతిలోనే చెక్కిన మెట్లు పోతయి. కొన్ని మెట్లు సగం అడుగు, కొన్ని మూరెడు. అరిగి నున్నగ అయినయి. రెండు చేతులూ ఖాళీగ ఉండాలె, అందుకే చేతి సంచి వద్దు, వీపు సంచి తెచ్చుకోవాలె. హవాయి చెప్పులు అసలే వద్దు. ఆడోళ్ళు చీర అంచు కొంచెం పైకి దోపుకుంటే దిగేటప్పుడు కాలికి తట్టుకోదు.

బావను తీసుకుపోతా అంటే వాళ్ళ కొడుకు ఒప్పుకోలేదు. "మామా, నీకేం, ఎక్కి దిగుతవు. బాపుకు దమ్ము లేస్తే ఆ అడవిలో ఎవరున్నరు? ఇంట్ల టీవీ చూసుకుంట కూర్చుంటే ఏం పోతది?" అన్నడు. పిల్లగాని తప్పు లేదు. రాత్రి పూట బావ దగ్గుతుంటే లేచి వీపు రాసేటోడు వాడే. నేను వాదం పెట్టుకోలేదు. ఇద్దరం బావను తీసుకొని ఆయన ఎప్పుడూ చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి పోయినం. కొండ ఎంత ఎత్తు, ఎన్ని మెట్లు, ఎక్కడెక్కడ కూర్చోవచ్చు, బస్సు ఎక్కడి దాకా వస్తది అన్నీ చెప్పిన. ఆమె ఛాతీ చూసింది, వేలుకు క్లిప్పు పెట్టి చూసింది. "ఎక్కొచ్చు, కానీ మాట్లాడుకుంట ఎక్కాలె. మాట ఆగిపోతే మనిషి ఆగిపోవాలె. పంపు జేబులో ఉండాలె, సంచిలో కాదు" అన్నది. ఈ ఒక్క మాట కోసం ఫీజు ఇచ్చినా తక్కువే. దమ్ము ఉన్నోళ్ళందరికీ చెప్తున్న, మీ డాక్టరును అడగకుండా నా మాట మీద మాత్రం ఎక్కొద్దు.

కార్డింగ్ ఖాతా సంగతి మన పిల్లలకు తెలవదు. అక్కడ దూది పొగమంచు లెక్క లేస్తుండేది. కనుబొమ్మలు, ముక్కు వెంట్రుకలు తెల్లగ అయ్యేటివి. ఆ దూళి ఏండ్ల తరబడి పీలిస్తే వచ్చే రోగానికి బిస్సినోసిస్ అని పేరు, చట్టంలో అది పని వల్ల వచ్చే రోగాల పట్టికలో కూడా ఉన్నది. మొదట్ల ఎట్ల తెలుస్తదంటే, ఆదివారం సుట్టీ తీసుకొని సోమవారం పాలికి పోతే ఛాతీ బిగపట్టినట్టు అయితది. మంగళవారం, బుధవారం నాటికి కొంచెం సర్దుకుంటది. మళ్ళా సోమవారం. బావ దాన్ని "సోమవారం దయ్యం" అనేటోడు. ఏండ్లు గడిచినంక వారమంతా సోమవారమే అయ్యింది. పార్కు సోమవారం బంద్ అని చెప్తే "మంచిదే, ఆ దినం నాక్కూడ బందే ఉండె" అని నవ్విండు.

మేము పోయింది మంగళవారం. మొదటి బస్సుల్లోనే ఎక్కినం. మూడో గుహ ముందు అరగంట కూర్చున్నం. తర్వాత బావ లెక్క పెట్టుడు మొదలుపెట్టిండు. పదిహేను మెట్లు, ఆగుడు. ఆగిన కాడ ఊరికె నిలబడకుండ ఏదన్నా ఒక గుహ అరుగు మీద కూర్చునుడు. ఆ బిక్షువులు కూడా ముసలోళ్ళు అయ్యే ఉంటరు, ఎక్కడ అలిసిపోతమో అక్కడనే అరుగు పెట్టిండ్రు. మాట్లాడుకుంట ఎక్కుమన్నది కదా డాక్టరమ్మ, బావ తన జాబర్‌ను తిట్టుకుంట ఎక్కిండు. ఆ జాబర్ పోయి ఇరవై ఏండ్లు అయ్యింది, అయినా తిట్లకు కొదువ లేదు. ఒక చోట తిట్టు నడుమ ఆగిపోయిండు. మేమందరం అక్కడనే ఆగినం. కొడుకు కూడా వచ్చిండు ఆనాడు, సెలవు పెట్టి. వాని మొహంలో నెత్తురు లేదు. పంపు రెండు సార్లు పీల్చి, ఒక పది నిమిషాలు వంగి కూర్చొని, మళ్ళా "ఆ దొంగ..." అని తిట్టు పూర్తి చేసిండు బావ. అప్పుడు గాని మాకు ఊపిరి రాలేదు.

లోయకు పై దిక్కున, నీళ్ళ తొట్టి పక్కన చదును రాయి ఒకటి ఉన్నది, నీడ పడుతుంటది. ఆడికి వచ్చినంక బావ "నా స్టేషన్ వచ్చింది" అన్నడు. ఎవరూ చెప్పలేదు, ఆయననే అన్నడు. అక్కడి నుంచి చూస్తే ఎదుటి కొండ నిండా గుహల నోళ్ళు, కింద వాగు, దాని మీద పచ్చని కొమ్మలు. మేము వంతులు వేసుకున్నం. సగం మంది బావతోని కూర్చుంటరు, సగం మంది కొన మీదికి పోయి వస్తరు, తర్వాత వాళ్ళు పోతరు. సంచులు మాతోనే పైకి. కొడుకు మొదట కూర్చుంటా అన్నడు, బావ వాణ్ణి తరిమిండు. "నువ్వు పోయి చూసి రా, నాకు చెప్పాలె కదా!"

కొన మీది చూపు గురించి అందరూ అడుగుతరు కాబట్టి వివరంగ చెప్తా. గుహల మీది చదునుకు పోయినంక, గాలి శుభ్రంగ ఉంటే ఒక దిక్కు తులసి చెరువు, విహార్ చెరువు అడవి నడుమ అద్దం ముక్కల లెక్క కనపడతయి. పడమటి దిక్కు బోరివలి టవర్లు, వాటి అవతల గొరాయి పగోడా బంగారు గోపురం, సముద్రం గీత. ఉత్తరానికి వసయి ఖాడీ. విహార్ 1860లో కట్టింది, ముంబైకి మొదటి సారి పైపుల్లో నీళ్ళు వచ్చింది దాని నుంచే. తులసి 1879ది. తులసి నిండితే విహార్‌లోకి పొర్లుతది, విహార్ నిండితే మీఠీ నదిలోకి. ఇప్పుడు మన నల్లాలకు ఎక్కువ నీళ్ళు భాత్సా, వైతరణ దిక్కు నుంచి వస్తున్నయి. అయినా గిర్నీలు మొదలైన కాలంలో మన ముందటోళ్ళు తాగింది ఈ నీళ్ళే.

దక్షిణం దిక్కు పరేల్, లాల్‌బాగ్ కనపడతయా అని చాలా మంది వెతుకుతరు. చాలా దూరం, బూడిద రంగు టవర్ల గీతలే కనపడితే కనపడతయి. కిందికి వచ్చినంక బావ మొదట అదే అడిగిండు.

"చిమ్నీలు కానొచ్చినయా?"

"చిమ్నీలు ఎక్కడియే బాపూ, అన్ని టవర్లే" అన్నడు కొడుకు.

"టవర్లు గావు. చిమ్నీ ఉన్న జాగ కానొచ్చిందా?"

కొడుకు నా దిక్కు చూసిండు. నేను, "దక్షిణం దిక్కు పొగ ఉన్నది బావా, దాని కిందనే" అన్న. బావ తల ఊపి, వదిన ఇచ్చిన సర్వపిండి ముక్క విరిచి నమలడం మొదలుపెట్టిండు. తర్వాత దిగుడు ఎక్కుడు కంటే సులువైంది ఆయనకు. నాకే మోకాలు పట్టింది. చెప్పిన కదా, సాంచా ఖాతా కాళ్ళు.

ఇక పడుచోళ్ళు, మన మనుమలు, మనుమరాండ్ల దారులు. శిలోండా అని ఒక అడవి బాట ఉన్నది, వాగు వెంట పోతది. పెద్ద ఎత్తు లేదు, కానీ రాళ్ళు, వేర్లు ఉంటయి. దానికి ఊరికె పోనియ్యరు. గేటు లోపల నిసర్గ మాహితీ కేంద్రం ఉన్నది, అక్కడ ముందుగ పేర్లు రాయించి, వాళ్ళిచ్చే మనిషితోనే పోవాలె. అన్నిటికంటె ఎత్తైనది జాంబూళ్‌మాళ్, 468 మీటర్లు. అది కూడా అనుమతితోనే. మూడు నాలుగు గంటలు ఎండలో నడిచే సత్తువ ఉన్నోళ్ళకు తప్ప వద్దు. మా మనవరాలు కాలేజీ దోస్తులతో పోయి వచ్చి రెండు దినాలు లేవలేదు. అనుమతి ఎందుకు, ఇంత అడవి ఉన్నది కదా అని దొంగ దారుల్లో గోడ సందుల్లో నుంచి పోయే పిల్లలున్నరు. చిరుతలు నిజంగనే ఉన్నయి ఆ అడవిలో, కథ కాదు. అవి మన జోలికి వస్తయని కాదు, మనం పోయే జాగా పొద్దు గూకినంక వాటిది. చీకటి పడక ముందు గేటు బయట ఉండాలె. చిన్న పిల్లలను ముందు పరుగెత్తనియ్యొద్దు, పొదల పక్కన ఒంటరిగ కూర్చోబెట్టొద్దు.

2024లో పోయినోళ్ళు అదృష్టవంతులు. కార్వీ అని ఒక మొక్క ఉన్నది, మనిషెత్తు పొద. ఎనిమిదేండ్లకు ఒక్కసారే పూస్తది. 2016లో పూసింది, మళ్ళా 2024లో. కొండ వాలంతా ఊదా రంగు. గుర్తు పెట్టుకొని లెక్క వేసుకోండి, మళ్ళా 2032. బావ కూడా లెక్క వేసుకొని "అప్పటికి నాకు ఎనభై నిండుతయి" అన్నడు, అంతకంటె ఏమీ అనలేదు. దాని కోసం ఆగొద్దు. ఫిబ్రవరి, మార్చిలో మోదుగు, బూరుగు పూస్తయి, ఎర్రగ. బూరుగు కాయలు పగిలి దూది ఎగురుతుంటే మా ఆయనలందరూ ముక్కుకు రుమాలు కట్టుకుంటరు. అలవాటు!

ఠాణే, భివండి, ఉల్లాస్‌నగర్‌లో ఉన్న మనోళ్ళు బోరివలి దాకా రానక్కర లేదు. ఠాణే దిక్కు నుంచి యేవూర్ గేటు ఉన్నది. చెట్ల నీడ, పొద్దున నడకకు మంచిది. చూడటానికి గుహలు, పెద్ద చూపు జాగలు మాత్రం బోరివలి దిక్కునే. భివండిలో మరమగ్గాల నడుమ బతికే తమ్ముళ్ళకు నేను యేవూరే చెప్తా. ఒక పూట దొరికితే పోయి రావచ్చు.

ఏ కాలం అంటే, వానలో లోయ నిండా చిన్న చిన్న జలపాతాలు, చూడటానికి అదే అందం. కానీ రాయి మీద పాకుడు, నీళ్ళు ఒక్కసారిగ పెరుగుతయి. వానాకాలం ముసలోళ్ళకు కాదు. పడుచు పిల్లలు కూడా నీళ్ళలో దిగొద్దు. డిసెంబరు, జనవరిలో చల్లగ ఉంటది, అందరూ అప్పుడే పోతరు. కానీ ఆ నెలల్లో ముంబై మీద పొద్దున పొగ కమ్ముకొని ఉంటది, దమ్ము ఉన్నోళ్ళకు అది మంచిది కాదు. ఎక్కినా ఏమీ కనపడదు. నా లెక్కలో వాన ఆగిన పది పదిహేను దినాల సంది దీపావళి పటాకులు మొదలయ్యే దాకా మంచి కాలం. గాలి కడిగినట్టు ఉంటది, తొట్లలో నీళ్ళుంటయి, మధ్యాహ్నం ఎండ మాత్రం కొడతది. పదకొండు లోపల దిగి నీడలోకి రావాలె.

కోతులు బాగ ఉన్నయి కన్హేరి కాడ. తినేది చేతిలో కనపడనియ్యొద్దు, రంగు కవరు కనపడితే చాలు గుంజుకపోతయి. మేము సర్వపిండి, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో తీసుకపోయినం, డబ్బా మూత గట్టిది ఉండాలె. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. తొట్టి నీళ్ళు తాగొద్దు. ఆడోళ్ళకు ఒక మాట, పైన గుహల దిక్కు మరుగు జాగా లేదు, కిందనే చూసుకొని ఎక్కాలె. మా వదినె ఇది తప్పక రాయమన్నది.

గుహల కాడ, రోడ్డు వెంట ఆ అడవి పాడాల్లో ఉండే వార్లీ ఆడోళ్ళు కీరకాయలు, చింతకాయలు, రేగుపండ్లు అమ్ముతరు. బేరం చేయకుండ కొనండి. మా గుంపు దిగేటప్పుడు ఒక అవ్వ దగ్గర కీరకాయలు కొన్నం, ఉప్పు కారం పెట్టి ఇచ్చింది. బావ మరాఠీలో ఆమెను, "నువ్వు దినాం ఈ గుట్ట ఎక్కుతవా" అని అడిగిండు. ఆమె "మరి?" అన్నట్టు చూసింది. బావ ఇంకో రెండు కొన్నడు.

ఈ ఏడాది దసరా దాటినంక వచ్చే రెండో మంగళవారం మళ్ళా పోతున్నం. రావాలనుకునేటోళ్ళు ముందుగ మా చాళ్ కమిటీ కాడ పేరు, వయసు, ఏ ఖాతాలో చేసిండ్రో రాయించండి. ఖాతా ఎందుకని అడగొద్దు. గుంపులు దాన్ని బట్టే వేస్తం. కార్డింగ్ వాళ్ళ గుంపుకు ముందు నడిచేది బావ.